వెలుతురు పరీక్ష

తలుపులు బయటినుంచి మూయిస్తాను.
నలభై అడుగుల ఇనప పెట్టెలో నేనొక్కణ్ణే.
కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా కదలకూడదు,
ఖాజావలి గారు నేర్పిన మొదటి పాఠం అది.
"చుక్క కనపడిందా, ఆ పెట్టె వద్దు.
సూది దూరేంత వెలుతురు
సముద్రం మీద కడివెడు నీళ్ళవుద్దిరా అబ్బాయ్."

ఇవాళ ఎడమ పక్క, పై మూలన
ఒకే ఒక్క చుక్క.
తుప్పు అంచుల్లోంచి
గుంటూరు జులై ఎండ.
సుద్దతో చుట్టూ గీసి వెనక్కి పంపేశాను.
లారీ వెయిటింగు ఎవడు కడతాడని
ఓనరు ఫోన్లో అరిచాడు.
విన్నాను.

కోల్డు స్టోరేజీలోంచి రాత్రే దించిన తేజా బస్తాలు
షెడ్డులో మెల్లగా ఒళ్ళు విరుచుకుంటున్నాయి.
నెలల తరబడి చలిలో పడుకున్నవాటిని
లేపీ లేపగానే ప్రయాణం కట్టించకూడదు.
చల్లటి కాయకి ఏటుకూరు రోడ్డు గాలి తగిలితే
గోతం మీద చెమట.
చన్నీళ్ళ గ్లాసుకి పట్టేదే, అదే.

మీటరు పదకొండు అంటుంది.
తొడిమలు తీసే సువార్తమ్మ మీటర్ని నమ్మదు.
గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడిస్తుంది.
గింజ గలగలమంటే సరే.
లేదంటే,
"ఇది మాట్లాడట్లేదయ్యా, మూలుగుతోంది" అని
పట్టా మీద బోర్లిస్తుంది.
ముప్పై ఏడో బస్తా దగ్గర మీటరు ఓడిపోయింది.
అడుగున నీళ్ళు చల్లారెవరో, తూకం కోసం.
ఎవరో అంటున్నాను గానీ
ఎవరో నాకు తెలుసు.

ఒకసారి తెలిసే సంతకం పెట్టాను.
ఇరవై రెండో రోజున పోర్ట్ క్లాంగ్ నుంచి ఫొటోలొచ్చాయి.
పగలు కాగి రాత్రి చల్లారి
మళ్ళీ కాగి
కాయ వదిలిన ఊపిరే కప్పుకి అంటుకుని
బొట్లు బొట్లుగా కాయ మీదే కురిసింది.
ఎర్రటి సరుకు మీద తెల్లటి నూగు.
మబ్బు లేని వానకి
ఎవరి మీద నెపం పెట్టను?

రెండో పెట్టె వచ్చింది. చుక్కల్లేవు.
చెక్క నేలకి అరచెయ్యి ఆనించి చూశాను.
గోడలకీ కప్పుకీ గోధుమరంగు కాగితం కట్టాం
పెళ్ళిపందిరికి గుడ్డ కట్టినంత శ్రద్ధగా.
హమాలీలు ఎక్కిస్తున్నారు.
లోపల కొలిమి.
"మొహాలు తుడుచుకోండ్రా, సరుకు మీద పడుద్ది" అన్నాను.
ఏసుపాదం బస్తా దించి నా వైపు చూశాడు.
"మా చెమట కూడా రిజెక్టేనా సారూ?"
నవ్వుతాడేమోనని ఎదురుచూశాను.

ఆఖర్న కొక్కేలకి దాహం సంచులు.
లోపలి ఉప్పు గాలిలో తడిని పీల్చి పీల్చి
జావలా ఉబ్బుతుంది.
నెల రోజులు తాగుతూనే ఉంటుంది.
ఒకటి మిగిలితే సువార్తమ్మ అడిగింది.
"బీరువాలో పెట్టుకుంటా.
ఇంటి పట్టా చెమ్మెక్కి అక్షరాలు కారిపోతున్నయ్."
ఇచ్చాను.
సీలు వేసి నంబరు రాసుకున్నాను.

ఆ రాత్రే ముసురు పట్టింది.
నాలుగో రోజు పొద్దున
ఆమె ఆ సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
నిండుగా, మెత్తగా,
ఎత్తితే చేతికి బరువుగా.
"నెలన్నావు కదయ్యా."
మా పెట్టె ఇంకా చెన్నై యార్డు కూడా దాటలేదు.

నేనేమీ అనలేదు.
నల్లచెరువు లైన్లలో ఆ రేకుల గదిలో
పగటిపూట తలుపు మూసి
కళ్ళు అలవాటు పడేదాకా నిలబడితే
ఎన్ని చుక్కలు కనపడతాయో.

సుద్దముక్క జేబులోనే ఉంది.